తీర్పు రోజున సెలవు

గుండెల్లో నొప్పి అని అబద్ధమాడడం ఇంత సులువని ఆ తల్లి ఎన్నడూ అనుకోలేదు. కళ్ళు మూసుకుని, చెయ్యి ఎడమవైపు వేసుకుని పడుకుంటే చాలు... కోర్టుకి తయారవుతున్న కూతురు జడ సగంలో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. మంచం పక్కన నేలమీదే కూలబడి, "ఎక్కడమ్మా? వీపులోకి పాకుతోందా? చెమటలు పడుతున్నాయా?" అంటూ నుదురూ అరచేతులూ తడిమింది. ఎందరికో శిక్షలు రాసిన వేళ్ళు అవి.

"ఏమో తల్లీ... ఇవాళ మాత్రం వెళ్ళకు. నా దగ్గరుండు."

కూతురు ఆ జిల్లాకి జడ్జి. చిన్నప్పుడు మిఠాయి ముక్కని కూడా స్కేలు పెట్టి కోస్తుందని అన్నయ్య దానికి కొలబద్ద అని పేరుపెట్టాడు. పేరు ఇంట్లో అలాగే ఉండిపోయింది. ఇవాళ ఆ కొలబద్ద చెప్పాల్సిన తీర్పు కోసం ఊరు ఊరంతా ఎదురుచూస్తోంది. ఒక పెద్దమనిషి గోడౌనులో మంటలు లేచాయి. సరుకు దొంగలపాలవుతుందని తలుపుకి బయటనుంచి తాళం వేయించి ఉంచాడాయన. లోపల పనిచేస్తున్నవాళ్ళు లోపలే ఉండిపోయారు. ఆ పెద్దమనిషి చెయ్యి ఎంత పొడవో, ఎంత పైదాకా అందుతుందో అందరికీ తెలుసు.

నిన్న సాయంత్రం కూతురు ఇంకా కోర్టునుంచి రాకముందే కొడుకు వచ్చాడు. అతనూ లాయరే గాని, భూముల తగాదాలు చూసుకుంటాడు తప్ప చెల్లెలి కోర్టు గడప తొక్కడు. కుర్చీలో కూర్చోకుండా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తీర్పు మార్చమని ఎవరూ అనట్లేదు. రేపొక్కరోజు సెలవు పెడితే చాలట. ఆలోగా కేసుని ఇంకో కోర్టుకి మార్పించుకుంటారు, చెల్లాయి ఇక్కడే ఉంటుంది. లేదంటే దాన్ని ఎక్కడికో విసిరేస్తారు. రాష్ట్రం ఆ చివరకి."

"అలా ఎలా విసిరేస్తారురా? జడ్జిని ఎవరూ ఏమీ అనకూడదు అంటారుగా?"

"అనరమ్మా. ఒక్క మాట కూడా అనరు. మామూలు బదిలీ అంటారు, అంతే." కొడుకు తల వంచుకున్నాడు. "నేను చెప్తే అది వినదు. నువ్వు చెప్పు. నేను చెప్పానని మాత్రం చెప్పకు."

ఎందుకు చెప్పకూడదో ఆమెకి తెలుసు. కేసు గురించి ఎవరైనా ఇంట్లో నోరెత్తితే, మర్నాడు బెంచీ ఎక్కగానే ఆ మనిషి ఎవరో, ఏమన్నాడో అందరిముందూ చెప్పేయడం కూతురి పద్ధతి. ఒకసారి దాని చిన్ననాటి స్నేహితురాలు భోజనానికొచ్చి, తమ్ముడి కేసు సంగతి మాటల్లో ఎత్తింది. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయింది కూతురు. తెల్లారి కోర్టులో ఆ పేరు వినిపించింది. ఆ పిల్ల మళ్ళీ ఈ ఇంటివైపు చూడలేదు. అలాంటిది సొంత అన్న పేరు చెప్తే... అతని వృత్తి ఏమవుతుంది? ఈ ఇద్దరూ మళ్ళీ ఒక పందిట్లో కూర్చుంటారా?

అసలు కూతురికి ఏమీ చెప్పకపోతే బదిలీ. బదిలీ అంటే ఆమెకి మళ్ళీ ఒక ఎడబాటు. చదువులకని ఒకసారి, ఉద్యోగానికి ఊరూరూ తిరుగుతూ ఎన్నిసార్లో... ప్రతిసారీ కూతురు వెళ్ళాక ఆ గదిలో దుప్పటి మడతపెట్టకుండా అలాగే ఉంచుకునేది. ఇన్నేళ్ళకి ఇద్దరు పిల్లలూ ఒకే ఊళ్ళో ఉన్నారు. దీన్ని పోగొట్టుకోవడం ఆమెవల్ల కాదు. ఎవరి పేరూ చెప్పనక్కర్లేకుండా, ఏ మాటా అడగనక్కర్లేకుండా కూతుర్ని ఇంట్లో ఆపే దారి ఒక్కటే కనబడింది ఆ పిచ్చితల్లికి.

ఇప్పుడు అవతలి గదిలో కూతురు కోర్టు గుమాస్తాతో ఫోనులో మాట్లాడుతోంది.

"మా అమ్మకి బాగోలేదండీ. డాక్టరు వస్తున్నారు. ఇవాళ రాలేను... ఏంటి? గోడౌనులో పోయినవాళ్ళ ఇళ్ళవాళ్ళంతా అప్పుడే వచ్చేశారా? పిల్లల్తో సహానా..." గదిలో అటూ ఇటూ నడుస్తున్న అడుగుల చప్పుడు. "మళ్ళీ రమ్మని మీరు చెప్పకండి. నేనే ఎలాగోలా... ముందు వాళ్ళని నీడలో కూర్చోబెట్టండి."

ఆ తల్లి కళ్ళు తెరిచింది. పైనున్న ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఎంతమంది ఎన్ని రకాలుగా ప్రయత్నించినా కదలని మనిషిని తను మంచంమీదనుంచి లేవకుండానే ఆపేసింది. ఇప్పుడు నిజంగానే గుండెలో కలుక్కుమంది. లేచి, గోడ పట్టుకుని గుమ్మందాకా నడిచింది.

"ఫోను పెట్టెయ్యవే. నాకేం రోగం లేదు."

కూతురు వెనక్కి తిరిగింది. తల్లి ముఖం చూసింది. జడ్జి చూపు అది, ఇంట్లో ఎప్పుడూ చూడనిది.

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ..." అనబోయి ఆగిపోయింది. ఒక అబద్ధం సరిపోయింది ఆ రోజుకి. "మీ అన్నయ్య. నిన్ను దూరంగా వేసేస్తారని భయపడ్డాడు. నేను అంతకంటే ఎక్కువ భయపడ్డాను. తప్పు వాడిది సగం, నాది సగం."

కూతురు కుర్చీలో కూర్చుండిపోయింది. జడ చివర్లు వేళ్ళకి చుట్టుకుంటూ, విప్పుకుంటూ... కళ్ళు నిండాయి గాని నీళ్ళు చెంపమీదకి జారలేదు.

"చట్టంలో రాసే ఉందమ్మా, నన్నెవరూ కదపకూడదని. రాసినవాళ్ళు మంత్రుల గురించి ఆలోచించినట్టున్నారు. అమ్మల సంగతి తట్టలేదు వాళ్ళకి."

"వాడి పేరు చెప్తావా అక్కడ?"

"చెప్పకపోతే ఆ స్నేహితురాలికి నేనేం జవాబు చెప్పుకోను?"

తల్లి కూతురి వెనక్కి వెళ్ళి, సగంలో ఆగిన జడ అల్లడం మొదలుపెట్టింది. "నేనూ వస్తాను," అంది.

కోర్టు హాల్లో చివరి బెంచీమీద కూర్చుందామె. పక్కనున్న మనిషి జరిగి చోటిచ్చింది. చేతిలో ఒక మగపిల్లవాడి ఫోటో ఉంది.

"మీదీ గోడౌను కేసేనా పెద్దమ్మా?"

"అవునమ్మా... నాదీ అదే."

"ముందున్న జడ్జీలిద్దరూ సగంలోనే బదిలీ అయిపోయారు. మళ్ళీ మొదట్నుంచీ మొదలు. ఈవిడైనా ఉంటుందో ఉండదో అని నాకు రాత్రంతా ఒకటే బెంగ."

ఆ బెంగ ఎలాంటిదో ఆమెకి తెలుసు. ఇద్దరిదీ ఒకటే బెంగ, ఒకే మనిషి గురించి. తలెత్తి ఆ ముఖంలోకి చూడలేకపోయింది.

కూతురు వచ్చి కూర్చుంది. కాగితాలు తెరవకముందే చెప్పింది. "ఈ రోజు నేను సెలవు పెట్టాలని మా ఇంటికి కబురొచ్చింది. తెచ్చినవారు మా అన్నయ్య. విన్నవారు మా అమ్మ. నేను తీర్పు చెప్పడానికి ఎవరికైనా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి." హాలంతా ఒక్కసారి కదిలింది. పెద్దమనిషి తరఫు లాయరు లేచి, ఇలాంటి పరిస్థితిలో కేసు మరో కోర్టుకి మార్చడమే ధర్మమన్నాడు. ఆమె గొంతు పెంచలేదు. "సెలవు పెట్టమన్నవాళ్ళు కోరిందీ అదేనండి. ఆ కబురు మీ తరఫునుంచి వచ్చిందని రాసుకోమంటారా?" లాయరు ఒకసారి వెనక్కి చూసి, మెల్లగా కూర్చున్నాడు.

తీర్పు చదవడం మొదలైంది. సగం మాటలు ఆ తల్లికి అర్థం కాలేదు. శిక్ష దగ్గరికి వచ్చేసరికి మాత్రం పక్కనున్న మనిషి ఆమె చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. "విన్నావా పెద్దమ్మా... విన్నావా..." అని ఒకటే మాట.

బదిలీ కాగితం నెల తిరక్కుండానే వచ్చింది. కొడుకు చెప్పినట్టే మామూలు బదిలీ, రాష్ట్రం ఆ చివరకే. కొడుకు ఆ నెలంతా రాలేదు. ఫోనెత్తలేదు. చివరికి తల్లే వాళ్ళింటికి వెళ్ళింది.

"తోటి లాయర్ల మధ్య తలెత్తుకోలేకుండా చేసిందమ్మా," అన్నాడు గోడవైపు చూస్తూ.

"పేరు నా నోటినుంచే వచ్చిందిరా. కోపం నామీద పెట్టుకో. రేపు పొద్దున అది వెళ్ళిపోతోంది."

అతను రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు.

పొద్దున్నే సామాను బండికెక్కిస్తుంటే వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా పెద్దపెట్టె భుజానికెత్తుకున్నాడు. అది ఎక్కించి, చెమట తుడుచుకుంటూ నిలబడ్డాక చెల్లెలే దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, వాళ్ళు అప్పీలుకి వెళ్తారు. నువ్వు ఆ దరిదాపులకి పోకు."

"ఇంకా బెంచీ దిగలేదేమే కొలబద్దా?" అన్నాడు. "ఆ రోజు నేను బయట వరండాలోనే ఉన్నాను. నా పేరు వినిపించగానే నిన్ను చంపేద్దామన్నంత కోపం వచ్చింది. తర్వాత వాళ్ళు బయటికొచ్చారు... ఆ ఫోటోలు పట్టుకుని..." చెల్లెలు అతని మోచెయ్యి పట్టుకుంది. అతను విదిలించుకోలేదు.

కూతురు బండెక్కి కిటికీలోంచి చెయ్యి చాపింది. ఎప్పుడైనా బండి కదిలి, పక్కన నాలుగడుగులు నడిచేదాకా ఆ చెయ్యి వదిలేది కాదు తల్లి. ఈసారి పట్టుకుని, ఒకసారి నొక్కి, డ్రైవరు ఇంకా తాళం తిప్పకముందే తనే వదిలేసింది.

"వెళ్ళిరా తల్లీ. అక్కడా నీకోసం ఎవరో చివరి బెంచీమీద కూర్చుని ఉంటారు."