కవర్ తీసిన కారు

జల్‌పల్లి చెరువు పక్క రోడ్డు మీద, పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన సైంటిస్ట్ సయీద్ కారుకు ఒక బొమ్మ కారు అడ్డొచ్చింది. నీలం రంగు. మూరెడు పొడవు. వంకర టింకరగా వచ్చి, ముందు చక్రాల మధ్య దూరింది. ఎవరో పిల్లలు ఆడుకుంటున్నారనుకుని ఆయన హారన్ కొట్టాడు.

ఆయన చేసిన చివరి పని అదే.

"సయీద్ చేస్తున్న ఆ కొత్త రాడార్ గురించి పూర్తిగ తెలిసినోళ్లు ఇంక ఒక్కరే మిగిలిన్రు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ రాంచంద్ర, ఫైల్ మూస్తూ. "డాక్టర్ అనురాధ. ఇబ్రహీంపట్నం అవతల గేటెడ్ కమ్యూనిటీల ఉంటది. వచ్చే ఆదివారం ఆడ రిమోట్ కార్ల పోటీ. ఆమెనే చీఫ్ గెస్ట్."

"పోటీ ఆపిద్దాం సార్," అన్నాడు ఏజెంట్ ఆజం.

"అడిగిన. అసోసియేషన్ సెక్రటరీ దయాకర్ ఒప్పుకుంటలేడు. ఫ్లెక్స్ కొట్టించిన్రంట."

దేశ భద్రత గురించి ఎంతసేపైనా వాదించవచ్చు. కొట్టించిన ఫ్లెక్స్ గురించి వాదన ఉండదు.

"నువ్వు ఆడ కార్ల రిపేర్ షాప్ పెడుతున్నవ్. మెహెక్ నీకు సాయం. ఆమె దుబాయ్‌ల ఉండి, సయీద్‌ను చంపిన విదేశీ ముఠాల చేరిన మన మనిషి. ముఠా మాత్రం ఆమె మనలో తమ మనిషి అనుకుంటున్నది."

"ఎవరు కరెక్ట్ సార్?"

"జీతమైతే మనమే ఇస్తున్నం," అన్నాడు చీఫ్.

ఇబ్రహీంపట్నం బస్టాండ్ వెనక షాప్ తెరిచారు. డిపార్ట్‌మెంట్ ఒక గాడ్జెట్ కూడా ఇచ్చింది. చూడ్డానికి స్టీల్ టిఫిన్ బాక్స్, లోపల బాంబు వాసన పట్టే డిటెక్టర్.

కమ్యూనిటీ తండ్రులంతా వరుస కట్టారు. డిస్కౌంట్ వస్తుందని అందరూ కలిసి ఒకే రకం, ఒకే నీలం రంగు కార్లు కొన్నారు. కొన్నది పిల్లల పేరు మీద. పిల్లల్ని మాత్రం ముట్టుకోనివ్వరు. కారు బాడీ మీద గీతలు పడకుండా కంపెనీ అతికించిన పల్చని ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది పీకేస్తేనే రంగు మెరుస్తుంది. ఎవరూ పీకలేదు. వీళ్ల ఇళ్లలో టీవీ రిమోట్లు, సోఫాలు, ఫ్రిజ్ తలుపులు అన్నీ కవర్లలోనే పుట్టి కవర్లలోనే పోతాయి.

"ఏం తమ్మీ, నిన్ననే సెట్ చేసిచ్చినవ్. మల్ల కుడికి గుంజుతున్నది," అన్నాడు దయాకర్.

"రిమోట్ మీద ట్రిమ్ ముట్టిన్రా సార్?"

ట్రిమ్ అంటే చిన్న మీట. కారు పక్కకు లాగితే దాన్ని వెంట్రుకవాసి జరిపి, నేరుగా పోయేలా చేస్తారు.

"నేనెందుకు ముడ్త? వీడియో చూసుకుంట జర్రంత తిప్పిన."

"ఎంత?"

"ఆఖరు దాకా."

ఆజం సరిచేశాడు. అలవాటుగా ఇంకో పని కూడా చేశాడు. రిమోట్ సిగ్నల్ పోతే ఈ కార్లు పోతున్న వేగంతోనే పోతూ ఉంటాయి. అలా పోయి ఎవరి సెడాన్‌కైనా గీత పెడితే కమ్యూనిటీలో రక్తపాతం జరుగుతుంది. అందుకే వచ్చిన ప్రతి కారులో సెట్టింగ్ మార్చాడు. సిగ్నల్ పోతే బ్రేక్ పడాలి.

శుక్రవారం మెహెక్ వచ్చింది. నల్ల కళ్లద్దాలు. ఆమె కంటే ముందు ఆమె సెంటు వచ్చింది.

"గేర్ల నడుమ కాగితం పెట్టినవా?" అంది.

"పెట్టిన. తీసేసిన," అన్నాడు ఆజం.

అది ఒకరికొకరు మన మనిషే అని చెప్పుకునే కోడ్. గేర్ల పళ్ల మధ్య సందు కుదరడానికి కాగితం ముక్క పెట్టి, బిగించి, తర్వాత లాగేస్తారు. రిపేర్ షాపులో ఎవరు విన్నా అనుమానం రాదు.

ఆమె అదే రకం నీలం కారు బల్ల మీద పెట్టింది. "పోటీల మనది కూడ ఒకటుండాలె కద. ఎడమకు గుంజుతున్నది. సూటిగ పోయేటట్టు చెయ్యి."

ఆజం ముందు చక్రాలు విప్పాడు. స్టీరింగ్ కడ్డీల పొడవు రెండువైపులా సమానం చేశాడు. స్ప్రింగులు మార్చాడు, ట్రిమ్ సరిచేశాడు, సిగ్నల్ సెట్టింగ్ మార్చాడు. గచ్చు మీద వదిలితే కారు గీత గీసినట్టు పోయింది.

"నీ చేతిల జాదూ ఉంది ఆజం," అంది మెహెక్.

ఆ మాటకే ఆ రాత్రి ఆజంకు ఏమీ తినకుండానే కడుపు నిండిపోయింది.

ఆదివారం. పోటీకి ముందు వాహన పూజ పెట్టారు. బొమ్మ కార్లన్నిటికీ కుంకుమ బొట్లు, చక్రాల కింద నిమ్మకాయలు, మోపెడు అగరబత్తులు. పొగకు డిటెక్టర్ మోగడం మొదలుపెట్టి ఆగలేదు. ఆజం దాన్ని స్టేజ్ పక్క బల్ల మీద వదిలేశాడు. బాక్స్ ఆకలికి అరుస్తోందని ఎవరో అన్నారు.

చెవిలోని ఇయర్‌ఫోన్‌లో మెహెక్ గొంతు. "బాంబు దయాకర్ కార్ల ఉంది. నంబర్ ఏడు. జల్ది!"

విజిల్ ఊదారు. ఆజం ట్రాక్ మీదికి దూకి నంబర్ ఏడును పట్టుకున్నాడు. బాడీ పీకాడు. లోపల బ్యాటరీ. దానికి కట్టిన పసుపు కొమ్ము. అంతే.

"అరేయ్! కవర్ చిరుగుతది!" అని దయాకర్ అరిచాడు.

ఆజం తల ఎత్తాడు. మిగతా కార్లన్నీ యజమానులు ఇంట్లో ట్రిమ్ తిప్పుకొచ్చిన పుణ్యాన కుడికీ ఎడమకూ తూలుతున్నాయి. ఒక్క కారు మాత్రం స్టేజ్ వైపు సూటిగా పోతోంది. ఎండకు అద్దంలా మెరుస్తూ.

దాని మీద కవర్ లేదు.

ఇక్కడివాళ్లెవరూ ఆ పని చేయరు. ఆజం సరిచేశాక ట్రిమ్ తిప్పనిది కూడా మెహెక్ ఒక్కతే.

టెంట్ గుంజ పక్కన మెహెక్ నిలబడి ఉంది. హ్యాండ్‌బ్యాగ్ మీద రిమోట్. స్టేజ్ మీద అనురాధ మైక్ ముందు "క్రీడాస్ఫూర్తి" అంటోంది.

"మెహెక్! కాగితం పెట్టినవా?" అని అరిచాడు ఆజం.

"ఎప్పుడో తీసేసిన," అంది మెహెక్, కారు మీది నుంచి చూపు తిప్పకుండా.

ఆజం నంబర్ ఏడును విసిరాడు. అది ఆమె మణికట్టుకు తగిలింది. రిమోట్ కింద పడి బ్యాటరీలు చెదిరిపోయాయి. మెహెక్ నవ్వింది. సిగ్నల్ పోతే కారు ఆగదని ఆమెకు తెలుసు.

కారు ఆగింది. స్టేజ్ మెట్టుకు జానెడు దూరంలో, ముక్కు నేలకు ఆనించి.

అనురాధ మైకులోనే కిందికి వంగి చూసింది. "ఎవరి కారిది? జర పక్కకు పార్క్ చేసుకోరాదు?"

ఆజం పరుగెత్తి ఆమెను స్టేజ్ అవతలికి లాక్కుపోయాడు. మఫ్టీలో వచ్చిన బాంబు స్క్వాడ్ కారు చుట్టూ ఇసుక బస్తాలు పేర్చింది.

మెహెక్‌ను వ్యాన్ ఎక్కిస్తుంటే ఆజం దగ్గరికి వెళ్లాడు.

"నాదే అని ఎట్ల గుర్తుపట్టినవ్?" అంది.

"కవర్ తీసినవ్."

"కొత్త బండి. తియ్యరా?"

"దుబాయ్‌ల మస్తు రోజులుంటివి." వ్యాన్ తలుపు పట్టుకున్నాడు. "సయీద్ సార్‌ను గూడ నువ్వేనా?"

"అవ్. ఆనాడు బండి ఎడమకు గుంజింది, జరంతల తప్పిపోయేది." కళ్లద్దాలు పెట్టుకుంది. "అందుకే కద నీ దగ్గరికి తెచ్చిన."

వ్యాన్ వెళ్లిపోయింది. ఆజం చేతులకు ఇంకా గేర్ ఆయిల్ వాసన వస్తోంది. చాలాసేపు కడుక్కున్నాడు.

రహస్యం బయటికి పొక్కకూడదని, స్పీకర్ వైర్ కాలిందని అందరికీ చెప్పారు. మర్నాడు చీఫ్ ఫోన్ చేశాడు. అభినందన అనుకున్నాడు ఆజం.

"డిటెక్టర్ ఆడనే వదిలిపెట్టినవంట. ఆడిట్ ఉంది, పట్టుకరా."

గేటు దగ్గర వాచ్‌మన్ పెద్దయ్య కర్ర అడ్డం పెట్టాడు. "నిన్ను లోపటికి ఇడువొద్దన్నరు బిడ్డ. తాగొచ్చి దయాకర్ సార్ కారు పలగ్గొట్టి, అనురాధ మేడమ్ చెయ్యి గుంజినవంట గద. ఆ మేడమే కంప్లైంట్ ఇచ్చిందట."

"నా టిఫిన్ బాక్స్ పెద్దయ్యా..."

"గా డబ్బానా? అసోసియేషనోళ్లు దాంట్ల పప్పు పెట్టుకుంటున్నరు."

పెద్దయ్య వేలు పెట్టి గోడ చూపించాడు. 'ఈ వ్యక్తికి ప్రవేశం లేదు' అని రాసి, ఆజం ఫొటోను మంచి ఫ్రేమ్ కట్టించి తగిలించారు.

కొత్త ఫ్రేమ్. అద్దం మీది కవర్ తీయలేదు. అందువల్ల మొహం సరిగ్గా కనిపించడం లేదు.