తాళం వేసిన ఇంట్లో బానెట్ చప్పుడు

ఆ వీధి చివరి మలుపులో తుప్పు పట్టిన గేటున్న ఇల్లొకటి ఉంది. రాత్రి పది దాటాక దాని ముందునుంచి ఎవరూ నడవరు. తప్పనిసరైతే అవతలి పక్కకి దాటి, తల తిప్పకుండా, గబగబా నడుస్తారు.

ఎందుకని అడిగితే నవ్వకూడదు మరి... ఆ ఇంట్లో దెయ్యం కారులో ఆయిలు చూసుకుంటుందట.

నేనూ మొదట నవ్వాను. దెయ్యమన్నాక పేరు పెట్టి పిలవాలి, వెనక్కి తిరిగితే పీక పట్టుకోవాలి. బానెట్ ఎత్తి ఆయిలు చూసుకునే దెయ్యాన్ని నేనెక్కడా వినలేదు. కానీ రాత్రి డ్యూటీ దిగి వచ్చే నర్సమ్మ తన చెవులతో విన్నది. ఆవిడ కట్టుకథలు చెప్పే మనిషి కాదు.

ఆ ఇంటికి ఆరేళ్ళుగా తాళం. పక్కన రేకుల షెడ్డులో ఒక పాత కారు, టైర్లలో గాలి పోయి, నేలకి అతుక్కుపోయి ఉంది. రాత్రి పదకొండు దాటాక — ముందు కిర్రుమని బానెట్ లేస్తుంది. తర్వాత ఇనుము మీద ఇనుము జారిన సన్నటి చప్పుడు. కాసేపు ఏమీ ఉండదు... మళ్ళీ అదే చప్పుడు. ఆఖరికి ధడేల్మని బానెట్ పడుతుంది.

"ఆవిడేనయ్యా. ఆ కారులోనే పోయింది కదా, పాపం," అంటుంది నర్సమ్మ గొంతు తగ్గించి.

ఆవిడంటే లెక్కల మాస్టారి భార్య. ఆ ఇల్లూ ఆ కారూ మాస్టారివే.

ఈ కబుర్లు మా బావ ముందు ఎత్తితే మాత్రం, తింటున్న కంచం ముందునుంచి కూడా లేచిపోయేవాడు. మా అక్క మొగుడు ఆయన. కార్ల మెకానిక్కు. ఆ ఇంటికి రెండు వీధుల ఇవతలే ఆయన షెడ్డు. దేనికీ జంకే మనిషి కాదు గానీ, ఆ వీధిలో మాత్రం ఆరేళ్ళపాటు అడుగు పెట్టలేదు. మార్కెట్టు చుట్టూ తిరిగి ఇంటికి వచ్చేవాడు.

"ఆయిలు చూసే దెయ్యమంటే మెకానిక్కుకి భయమేమిటి బావా, కావాలంటే పనిలో పెట్టుకో," అని ఏడిపించేవాణ్ణి. ఆయన నవ్వేవాడు కాదు.

అసలు సంగతి ఈ మధ్యనే చెప్పాడు. విన్నాక రెండు రోజులు నేనాయనతో మాట్లాడలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు మీకు చెబుతాను.

మాస్టారి కారు ముప్ఫై ఏళ్ళ నాటిది. ఆయిలు తాగే బండి. అందుకని ప్రతి శనివారం సాయంత్రం బావ షెడ్డు ముందు ఆపి, "ఒకసారి ఆయిలు చూడు నాయనా," అనేవారు. పదకొండేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు.

ఆయిలు చూడటం బ్రహ్మవిద్యేం కాదు. ఇంజన్ ఆపి ఓ పది నిమిషాలు ఆగాలి, పైకి ఎగిసిన ఆయిలు కిందికి దిగేదాకా. అప్పుడు డిప్‌స్టిక్ అనే సన్నటి ఇనప పుల్లని పైకి లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ పూర్తిగా దించి, మళ్ళీ లాగి చూడాలి. దాని మీదున్న రెండు గీతల మధ్య తడి ఉంటే సరి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేది లెక్కలోకి రాదు. గొట్టం గోడలకి అంటిన ఆయిలు పుల్లకంతా పూసుకుని, లేనిది ఉన్నట్టు చూపిస్తుంది.

ఇది మా బావకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

కానీ ఆ శనివారం ఆయన అప్పుడే చేతులు కడుక్కున్నాడు. సబ్బుతో రెండుసార్లు తోముకుని, చొక్కా మార్చుకుని, షట్టరు సగం దించాడు. అప్పుడొచ్చారు మాస్టారు. బావకి విసుగేసింది. చెయ్యి నల్లబడకుండా రెండు వేళ్ళతో పుల్ల పట్టుకుని, కాలుతున్న ఇంజన్‌లోంచి ఒక్కసారి పైకి లాగాడు. పై గీత దాకా తడి కనిపించింది. తుడవలేదు... మళ్ళీ దించలేదు.

"ఫుల్లుగా ఉంది మాస్టారూ, వెళ్ళండి."

బుధవారం రాత్రి మాస్టారి భార్యకి గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి ముప్ఫై కిలోమీటర్లు. సగం దారిలో, ఫోను కూడా అందని చోట, ఇంజన్ పట్టేసి కారు ఆగిపోయింది. ఆయిలు తక్కువైతే వెలగాల్సిన ఎర్రలైటు ఎప్పుడో మాడిపోయింది. ఇంకో బండి వచ్చి ఆగేసరికి గంట దాటింది. అప్పటికే ఆవిడ వెనక సీట్లో...

మర్నాడు కారుని తాడు కట్టి షెడ్డుకి లాక్కొచ్చారు. బావ పుల్ల లాగాడు. పొడిగా వచ్చింది.

పక్కనే నిలబడ్డ మాస్టారు అడిగారు — నిందించటానికి కాదు, నిజంగానే అర్థంకాక. "శనివారం చూశావు కదా నాయనా?"

బావ పుల్లని గబుక్కున లోపలికి దించేశాడు. నోరు దానంతటదే లేచింది.

"పాత బండి మాస్టారూ. దూరం వెళ్ళేముందు మీరు కూడా చూసుకోవాలని ఎన్నిసార్లు చెప్పాను?"

ఎన్నిసార్లో కాదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.

మాస్టారు తల వంచుకున్నారు. "చెప్పే ఉంటావు. నేనే మర్చిపోయుంటాను," అన్నారు. ఆ వారంలోనే కారుని ఇంట్లో పెట్టించి, గేటుకి తాళం వేసి, కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఆ పై నెలనుంచే రాత్రిళ్ళు బానెట్ చప్పుడు మొదలైంది.

ఇప్పుడర్థమైందా, మా బావ మార్కెట్టు చుట్టూ ఎందుకు తిరిగేవాడో.

పోయిన నెల పైపుల కోసం మార్కెట్టు రోడ్డు అడ్డంగా తవ్వేశారు. ఎక్కడో ఆగిపోయిన వ్యాను బాగుచేసి బావ ఇంటికి బయల్దేరేసరికి పదకొండున్నర. ఆ వీధి తప్ప ఇంకో దారి లేదు.

అవతలి పక్కనుంచే నడిచాడు. తల తిప్పలేదు. మలుపు ఇంకో పది అడుగులు... ఐదడుగులు...

కిర్రుమంది.

పరిగెత్తాలి. కానీ తిప్పకూడదనుకున్న తల దానంతటదే తిరిగింది. గేటు వారగా తీసి ఉంది. లోపల షెడ్డులో, ఎత్తిన బానెట్ కింద, మసక వెలుతురు. ఆ వెలుతురులో తెల్లటి బట్టల్లో ఒక ఆకారం వంగి ఉంది.

ఇనుము మీద ఇనుము జారింది. ఆకారం పుల్ల పైకి లాగింది... గుడ్డతో చివరిదాకా తుడిచింది... మెల్లగా దించింది... మళ్ళీ లాగి వెలుతురుకి పట్టి చూసింది.

పద్ధతి ప్రకారం. ఆ రోజు తను చెయ్యాల్సిన పని.

ఆవిడ తనకోసమే వచ్చిందనుకున్నాడు బావ. ఆరేళ్ళుగా రోజూ తనకి చూపించటానికే చేస్తోందనుకున్నాడు. పారిపోయి లాభం లేదనిపించి, గేటు తోసుకుని లోపలికి నడిచాడు.

"అమ్మా... నన్ను క్షమించమ్మా," అన్నాడు.

ఆకారం ఉలిక్కిపడి తిరిగింది. వెలుతురు బావ మొహం మీద పడింది.

"ఎవరది... నువ్వా నాయనా?"

మాస్టారు. నిక్షేపంగా బతికున్న మాస్టారు. చేతిలో చిన్న టార్చిలైటు.

"భయపడ్డావా? అమ్మాయి పడుకున్నాక వస్తుంటాను. పగలొస్తే పిచ్చి పట్టిందనుకుంటారని," అన్నారాయన, తప్పు చేసి దొరికినవాడిలా. "వచ్చావుగా, చూడు... ఇలాగేనా? రెండుసార్లు కదా లాగాలి? పుస్తకం చూసి నేర్చుకున్నాను."

బావ తలూపాడు.

"రెండు నిమిషాల పని. నువ్వు అన్నిసార్లు చెప్పినా నేను పట్టించుకోలేదు. నువ్వెప్పుడు చెప్పావో గుర్తు తెచ్చుకుందామని ఇక్కడికొచ్చి నిలబడతాను. ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. అంత మతిమరుపు మనిషి పిల్లలకి లెక్కలేం చెబుతాడని బడి కూడా మానేశాను. అమ్మాయి అన్నం పెడుతుంది, మందులిస్తుంది... మాట్లాడదు. దాని తప్పేం లేదు. పోయింది తల్లి కదా."

ఇక్కడ ఆగి బావ నాకేసి చూశాడు. "దెయ్యం లేదని తేలిపోయింది. దణ్ణం పెట్టి ఇంటికొచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదురా. రావాలనే అనిపించింది కూడా," అన్నాడు. నాకు ఆయన మీద అప్పుడొచ్చిన అసహ్యం ఎంతో, జాలీ అంతే.

కానీ బావ ఇంటికి రాలేదు. షెడ్డు స్తంభం పట్టుకుని, "నేను చెప్పలేదు మాస్టారూ," అన్నాడు.

"ఏమిటి?"

"మిమ్మల్ని చూసుకోమని నేనెప్పుడూ చెప్పలేదు. ఆ శనివారం తుడవకుండా ఒక్కసారే లాగి, ఫుల్లన్నాను. తర్వాత భయమేసి, చెప్పానని అబద్ధమాడాను. మీరేదీ మర్చిపోలేదు."

మాస్టారు టార్చి ఆర్పేశారు. కొడతారనుకున్నాడు బావ. కొడితే బాగుండుననుకున్నాడు.

"మళ్ళీ చెప్పు," అన్నారు మాస్టారు.

మళ్ళీ చెప్పాడు.

"పద. ఇదే మాట మా అమ్మాయి ముందు చెబుదువుగాని."

ఆమె ఇల్లు ఆ ఊళ్ళోనే, పావుగంట నడక. మాస్టారే తలుపు కొట్టారు. కూతురు జుట్టు ముడేసుకుంటూ వచ్చి, ఈ వేళప్పుడు తండ్రి బయట ఉండటం చూసి నిలబడిపోయింది. బావ గుమ్మం కిందే నిలబడి మొదటినుంచీ చివరిదాకా చెప్పాడు. చేతులు కడుక్కున్న సంగతి కూడా దాచలేదు.

ఆమె బావకేసి చూడలేదు. తిట్టలేదు. తండ్రి చేతికంటిన నల్లటి మరక కేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆ చెయ్యి పట్టుకుంది.

"నాన్నా... లోపలికి రా," అంది.

తలుపు మూసుకుంది. లోపల్నుంచి ముందు ఆమె ఏడుపు, తర్వాత మాస్టారి ఏడుపు వినిపించాయట. బావ ఆ మెట్టు మీద తెల్లారేదాకా కూర్చున్నాడు. ఆయన్ని లోపలికి రమ్మనిగానీ, వెళ్ళిపొమ్మనిగానీ ఎవరూ అనలేదు.