మార్కుల మాట ఎత్తకూడని సాయంత్రం

“నేను రానండీ,” అన్నాడు లెక్కల మాస్టారు, దిద్దుతున్న నోటు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే.

ఆ మాటకిప్పుడు పద్దెనిమిదేళ్లు. ఆ స్టాఫ్ రూమూ, పాత మ్యాపుల వాసనా, కిటికీ రెక్క మీద చినుకుల చప్పుడూ మాత్రం ఆమెకు నిన్నటివే.

అప్పుడామెకు ఇరవై ఏడు. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. భర్త పోయి నాలుగేళ్లు. మిగిలింది మూడో తరగతి చదివే కూతురూ, అత్తగారూ. అత్తగారు రెండుసార్లు దగ్గితే ఆమె గుండె ఆగిపోయేది. కూతురు ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఊళ్లో లారీలన్నీ కళ్ల ముందు తిరిగేవి. అలాంటి మనిషిని పట్టుకుని తల్లిదండ్రుల సంఘంవాళ్లు, “ఈసారి బడిలో మన సరదా సాయంత్రం కార్యక్రమానికి టీచర్లను రప్పించే పూచీ నీదే,” అన్నారు. ఏటా టీచర్ల కుర్చీలు ఖాళీగానే ఉంటున్నాయి మరి.

“ఎందుకు రారు సార్?”

“పోయినేడు వచ్చాను. టీ కప్పు పట్టుకున్నానో లేదో పంతొమ్మిది మంది మూగి తమ పిల్లల మార్కులు అడిగారు. ఇరవయ్యో ఆయన వచ్చేసరికి టీ మీద మీగడ కట్టింది.”

“చెప్తే ఏం పోయింది?” నోరు జారింది ఆమెకు.

అప్పుడు తలెత్తాడు. “మీరు బట్టలు కుడతారటగా. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే, పళ్లెం ముందు గుడ్డ పరిచి కొలతలు తీసుకోమంటే తీసుకుంటారా?”

ఆమె లేచి ఇంటిదారి పట్టింది. దారి పొడుగునా ఒకటే దిగులు. ఎదురు మాట్లాడాను, పాప మీద కక్ష కడతాడేమో, ఫెయిల్ చేస్తాడేమో అని. ఇల్లు చేరి మిషను ముందు కూర్చున్నాక మాత్రం అనిపించింది, ఆయన అన్నదాంట్లో అబద్ధమేముందని.

మర్నాడు సంఘంలో లేచి నిలబడింది. “ఆ సాయంత్రం ఎవరూ మార్కుల మాట ఎత్తకూడదు. ఎత్తినవాళ్లు అందరి టీ కప్పులూ కడగాలి,” అంది. నవ్వుతూనే అందరూ ఒప్పుకున్నారు.

తర్వాత టీచర్లను ఒక్కొక్కరినీ కలిసి, మీకేది సరదా అని అడిగింది. డ్రిల్లు మాస్టారు పాడతానన్నాడు. సైన్సు మేడమ్ గారడీ చేస్తానంది.

“నాకేమీ రాదండీ,” అన్నాడు లెక్కల మాస్టారు.

“ఊరికే కూర్చోండి సార్. వేడి టీ పూచీ నాది.”

ఆయన నవ్వాడు. ఆ నవ్వు ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది. ఆ వారంలో లిస్టు సరిచూసే వంకతో నాలుగుసార్లు స్టాఫ్ రూముకు వెళ్లింది. ఆ లిస్టులో ఉన్నవి తొమ్మిది పేర్లే.

నవ్వు వెనకాలే భయమూ వచ్చింది. అత్తయ్యకు తెలిస్తే? కొడుకును పోగొట్టుకున్న మనిషి. తనూ పాపా తప్ప ఆవిడకెవరున్నారు? కోడలు ఇంకొకరి వైపు చూసిందంటే ఆ ప్రాణం ఏమైపోతుంది?

కార్యక్రమం నాడు తొమ్మిది కుర్చీలూ నిండాయి. డ్రిల్లు మాస్టారి పాటకు పిల్లలు బల్లలెక్కారు. ఆమె పొగలు కక్కే కప్పు తెచ్చి లెక్కల మాస్టారికి అందించింది. అందించి వచ్చేస్తే బాగుండేది.

“సార్, మా పాప పాసవుతుందంటారా?”

“తొంభై రెండు వచ్చాయి కదండీ,” అనేశాడు ఆయన.

డ్రిల్లు మాస్టారు విజిల్ ఊదాడు. హాలంతా గొల్లుమంది. రూల్ పెట్టిన మనిషే సింకు ముందు చేరింది. కాసేపటికి లెక్కల మాస్టారు తువ్వాలు పట్టుకుని వచ్చాడు.

“మీరెందుకు సార్?”

“అడిగింది మీరు, చెప్పింది నేను. తప్పులో సగం నాది.”

“ఇంతకీ ఆ ఎనిమిది మార్కులూ ఎక్కడ పోయాయి సార్?”

“ఇదిగో, ఇంకో డజను కప్పులు.”

ఆమె నవ్వింది. నాలుగేళ్లలో అలా నవ్వలేదు. ఆయన ఒకే కప్పును తుడిచిందే తుడుస్తున్నాడు.

“వచ్చే ఏడు పాప నా క్లాసులో ఉండదు. మీకు స్టాఫ్ రూములో పనుండదు.”

“ఉండదు సార్.”

“పని లేకపోయినా మిమ్మల్ని చూడాలని ఉందండీ.”

ఆమె పక్కకు తిరిగింది. గుమ్మంలో పాప చెయ్యి పట్టుకుని అత్తగారు.

మూడు రోజులు అత్తగారు పెదవి విప్పలేదు. మధ్యలో ఒక రోజు గొడుగు తీసుకుని ఎక్కడికో వెళ్లి వచ్చారు. ఏ చుట్టాలింటికైనా మకాం మార్చేస్తారేమోనని ఆమెకు అన్నం సహించలేదు. నాలుగో రోజు ఆవిడే కదిపారు.

“అమ్మాయ్, ఆ మాస్టారు మనింటికి రాడా?”

“పిలవలేదు అత్తయ్యా.”

“బడిలో ఉన్నవాళ్లందర్నీ పిలిచావు. ఆ ఒక్కణ్ణీ పిలవడానికి నోరు రాలేదా?”

“మీరు ఒంటరైపోతారని భయం.”

“నీకు భయం లేనిదెప్పుడులే. వెళ్లి పిలు.”

బడి గేటు దగ్గర వాన పడుతోంది. ఆయన గొడుగు ఆమె మీదకు జరిపాడు. ఆయన భుజం తడుస్తోంది.

“సార్, రేపు మా ఇంటికి రండి. కానీ ముందే చెప్తున్నాను. అత్తయ్యను వదిలి నేనెక్కడికీ రాను.”

“తెలుసండీ. మొన్న మీ అత్తయ్యగారు స్టాఫ్ రూముకు వచ్చారు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ‘అది నాకు కోడలు కాదు, కూతురు. తీసుకెళ్తే ముగ్గుర్నీ తీసుకెళ్లు, లేదంటే నువ్వే వచ్చి మా ఇంట్లో ఉండు’ అన్నారు.”

ఆమె కూడా గొడుగు కాడ పట్టుకుంది.

“మీరేమన్నారు?”

“ఏ గది నాదని అడిగాను.”