బావి దగ్గర పడ్డ ముడి

మా వీధి చివరి బావి దగ్గర నడుంపట్టీ ఊడిపోయినా సరే, ఆగి కట్టుకోకూడదంటారు. ఆ పక్క పాడుబడ్డ ఇంట్లో ఒకప్పుడు సుగి అవ్వ ఉండేది. ఊళ్ళో పెళ్ళికూతుళ్ళందరికీ కిమోనో కట్టింది ఆవిడే. ఆవిడ పోయి చాలా కాలమైంది... అలవాటు మాత్రం పోలేదట.

ఇది టోఫు అమ్మే కిహాచి చెప్పిన సంగతి. మామూలుగా వాడు కోసేవన్నీ కోతలే. కానీ తనంతట తను భయపడ్డానని ఒప్పుకున్నాడంటే నమ్మక తప్పలేదు.

చనిపోయిన పెద్దలు ఇళ్ళకు వచ్చే పండుగ. రాత్రి గుడి ముంగిట అందరూ గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. ఆలస్యమైందని కిహాచి బావి దారి పట్టాడు.

ఎదురుగా... తెల్లటి కిమోనోలో ఒక ఆడమనిషి. కుడి అంచు ఎడమదాని మీదికి వేసి ఉంది.

మాలో బతికున్నవాళ్ళెవరూ అలా కట్టుకోరు. శవానికి కడతాం.

"కిహాచి గారూ..." అందది.

కిహాచి పరుగో పరుగు. వెనకే చెక్కచెప్పుల చప్పుడు — టక్... టక్... "ఆగండి, కిహాచి గారూ..."

ఆగితే ఒట్టు.

గుడి దీపాల వెలుగులో పడ్డాకే వెనక్కి చూశాడు. వచ్చింది ఇలోనా — హంగరీ నుంచి చదువుకోడానికి వచ్చి, ఆట నేర్పే ఫుసాయే ఇంట్లో ఉంటున్న పిల్ల. చేతిలో అతని చెప్పు.

"ఇది వదిలేసి పరిగెత్తారు," అంది రొప్పుతూ.

"నీ టోఫు కంటే నీ గుండే మెత్తగా ఉందిరా," అన్నారెవరో. జనం పడీ పడీ నవ్వారు.

ఫుసాయే నవ్వలేదు. ఎవరి సాయం లేకుండా కిమోనో కట్టుకొస్తేనే వరసలో చోటిస్తానని ఆవిడ షరతు. వేసవంతా ఆ పిల్ల దానికోసమే తంటాలు పడింది.

"కుడిది పైకి వేశావేమే?"

ఇలోనా కిందికి చూసుకుని పాలిపోయింది. "ఎడమదే వేశాను, గురువుగారూ. దారిలో ఊడిపోయింది. బావి దగ్గర ఎవరో అవ్వ కట్టేసింది... వద్దన్నా వినలేదు." కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నన్ను ఆడనివ్వరా?"

ఫుసాయే ఆమెను వెనక్కి తిప్పింది. ముడిని వేళ్ళతో తడిమింది. తన పెళ్ళినాడు నడుముకు పడ్డ ముడి అదే.

"అవ్వ తను కట్టుకున్నట్టే నీకూ కట్టింది, పాపం," అని గొణిగింది.

గుడి వెనక్కి తీసుకెళ్ళి, అంతా విప్పించి, ఆ పిల్ల చేతే మళ్ళీ కట్టించింది. ఎక్కడా తప్పు పోలేదు.

"పద, ఆడు. కాకపోతే... నీ వెనక ఒక మనిషి పట్టేంత చోటు వదులు."

ఆ చోటు వెనక నిలబడాల్సింది కిహాచి. కడుపులో నొప్పని చెప్పి ఇంటికెళ్ళిపోయాడు — ఊరంతా చుట్టి.