పగటి నిద్ర

ఎండ ఇంకా ముదరకముందే సంతోషి స్కూటీ గేటు ముందు ఆగింది. రాత్రంతా ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల సామాను తనిఖీ దగ్గర నిలబడి వచ్చింది. పాదాలు మంట పుడుతున్నాయి. హెల్మెట్ తీస్తూ లోపలికి వచ్చేసరికి మామగారు కుర్మయ్య వరండాలో కరెంటు బిల్లు పట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా గిది? పోయిన నెల మీద డబల్ వచ్చింది."

"ఎండాకాలం గదా మామా. ఏసీ నడుస్తుంది."

"రాత్రి నడిస్తే సరే. పట్టపగలు గూడ ఏసీ ఏంది? ఊరంతా పనికి పోయే యాళ్లకు తలుపులేసుకొని..."

మాట సగంలో ఆపాడు గాని, మిగతా సగం ఆమెకు వినిపించనే వినిపించింది.

"నేను పండుకునేదే పగలు గదా మామా," అని మెట్లెక్కింది. వంటింట్లోంచి అత్తగారు రుక్మిణమ్మ "తిని పో సంతోషీ" అని పిలిచినా ఆగలేదు.

కుర్మయ్య మంఖాల్ ఊళ్లో వ్యవసాయం చేసిన మనిషి. బోరు మోటారుకు కరెంటు ఎప్పుడొస్తుందా అని చేను గట్టు మీద కూర్చుని ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. శంషాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాక కూడా, ఖాళీ గదిలో ఫ్యాను తిరుగుతుంటే ఆయన ప్రాణం ఒప్పుకోదు. కొడుకు శివశంకర్ కాటేదాన్‌లో వర్క్‌షాపుకు పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే వస్తాడు. పగలంతా ఇంట్లో ఏ స్విచ్చు వేసి ఉందో చూసేది కుర్మయ్యే.

మధ్యాహ్నం ఆయన లేచి మెట్ల కింద ఉన్న మెయిన్ డబ్బా తలుపు తీశాడు. రుక్మిణమ్మ చెయ్యి తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మళ్ల బంద్ చేస్తున్నవా? వద్దయ్యా. పిల్ల రాత్రంతా నిలబడొచ్చింది."

"చల్లబడ్డ గది చల్లగనే ఉంటది. నువ్వు ఊకో. శివశంకర్‌కు చెప్పకు."

పైఅంతస్తు స్విచ్చు కిందికి లాగాడు.

పైన సంతోషి ఉలిక్కిపడి లేచింది. దిండు తడిసిపోయింది. ఏసీ లేదు, ఫ్యాను లేదు. వారంగా ఇదే వరస. మధ్యాహ్నం తను మంచి నిద్రలో ఉండగా కరెంటు పోవడం, సాయంత్రం స్నానానికి లేచే వేళకు రావడం. నెత్తి మీద స్లాబు పెనంలా కాలుతోంది. కరెంటు వాళ్లను తిట్టుకుంటూ తడి తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకుంది గాని, నిద్ర పట్టలేదు.

ఆ సాయంత్రం డ్యూటీకి పోతుంటే సర్వీసు రోడ్డు మీద ఆమె కళ్లు మూతపడ్డాయి. ఒక్క క్షణమే. స్కూటీ డివైడర్‌ను రాసుకుంటూ పోయి పడిపోయింది. వెనక వస్తున్న కారు ఆమె కాళ్లకు జానెడు దూరంలో ఆగింది.

దవాఖానలో శివశంకర్ చేరేసరికి ఆమె నుదుటికి కుట్లు వేశారు. మణికట్టుకు కట్టు కట్టారు. కుర్మయ్య, రుక్మిణమ్మ అప్పటికే ఆటోలో వచ్చి మంచం పక్కన నిలబడి ఉన్నారు.

"ఏమైంది సంతోషీ? రోజూ పోయే తొవ్వే గదా?"

"నిద్ర ఆగలే. వారమైతుంది సరిగ నిద్ర లేక. పగలు రోజూ కరెంటు పోతుంది."

"పగలు పోతుందా? మనింట్లనా?" శివశంకర్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నిజమేనా?"

రుక్మిణమ్మ భర్త వైపు చూసింది. కుర్మయ్య కిటికీ వైపు చూస్తున్నాడు. కోడలి నుదుటి మీద కట్టులోంచి మెల్లగా ఎరుపు ఊరుతుంటే రుక్మిణమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"కరెంటు పోలే బిడ్డా. మీ బాపు బంద్ చేస్తుండు. నాకు ఎర్కే. చెప్పొద్దంటే ఊకున్న."

సంతోషి కళ్లెత్తి మామను చూసింది. శివశంకర్ తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఎందుకు బాపూ? నన్నొక్క మాట అడగరాదా?"

"నీ కోసమే చేసిన్రా. పొద్దంత మిషిన్ల కాడ ఒళ్లు హూనం చేసుకుంటున్నవు..."

"నా కోసమా? ఆ కారు ఆగకపోతే నాకేం మిగులుతుండె?"

పక్క మంచం వాళ్లు తిరిగి చూశారు. కుర్మయ్య మెల్లగా బయటికి నడిచి బల్ల మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు సంతోషిని ఇంటికి తెచ్చి కింద హాల్లో పడుకోబెట్టారు. శివశంకర్ పనికి పోలేదు, తండ్రితో మాట్లాడలేదు. మధ్యాహ్నం కుర్మయ్య ఎవరికీ చెప్పకుండా మెట్ల కింద స్విచ్చు కిందికి లాగి, పైకెక్కి, కోడలి గదిలో మంచం మీద పడుకున్నాడు.

ఎండ ఆయనకు కొత్త కాదు. కానీ చేలో గాలి ఆడుతుంది, అలసిపోతే చెట్టు కిందికి పోవచ్చు. ఇక్కడ స్లాబు సెగ నేరుగా మొహం మీదికి దిగుతోంది. చొక్కా వీపుకు అతుక్కుంది, ఊపిరి బరువెక్కింది. లేచి పోవచ్చు ఆయన. నిద్ర కోసం వచ్చిన పిల్ల ఎక్కడికి పోతుంది? రోజూ ఇందులోనే పడి ఉండి, సాయంత్రం మళ్లీ తల దువ్వుకుని డ్యూటీకి పోయింది. గోడ వైపు తిరిగి కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

వెతుక్కుంటూ వచ్చిన రుక్మిణమ్మ ఆయన్ను చెయ్యి పట్టి కిందికి తీసుకొచ్చింది. తడిసిన చొక్కాతోనే సంతోషి మంచం దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"పైన మనిషి పండుకునేటట్టు లేదు బిడ్డా. తప్పు చేసిన."

సంతోషి మంచం మీద లేచి కూర్చుంది.

"నాకు కోపం ఏసీ బంద్ చేసినందుకు కాదు మామా. నేను పండుకుంటే మీకు బద్ధకం లెక్క కనిపించింది. అది కష్టమనిపించింది."

"నిజమే. నేను పొద్దుగాల లేచే మనిషిని. పగలు నిద్రంటే గట్లనే అనుకున్న."

"బిల్లు తగ్గాలని నాకూ ఉంది. నన్ను కూసోబెట్టి అడిగితే చెప్తుంటి. ఫ్రిజ్ తలుపు రబ్బరు పోయి సరిగ మూతపడ్తలేదు. గీజరు పొద్దంత వేసే ఉంటుంది. ఎండాకాలంల వేడి నీళ్లు ఎవరికి మామా?"

"నాకే," అన్నాడు కుర్మయ్య తల దించుకుని. అంత బాధలోనూ సంతోషికి నవ్వు వచ్చింది. గుమ్మంలో నిలబడి వింటున్న శివశంకర్ వచ్చి తండ్రి పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"మా గది సంతోషికి ఇయ్యి," అన్నాడు కుర్మయ్య కొడుకుతో. "దాని మీద ఇంకో అంతస్తుంది, సెగ దిగదు. మేము రాత్రి డాబా మీద పండుకుంటం."

ఆదివారం తండ్రీకొడుకులు ఎండ సెగ దిగకుండా డాబా అంతటికీ తెల్ల రంగు వేశారు. ఫ్రిజ్‌కు కొత్త రబ్బరు వచ్చింది. కుర్మయ్య చన్నీళ్ల స్నానం మొదలుపెట్టాడు. సంతోషి చెయ్యి నయమై డ్యూటీలో చేరాక, కింది గదిలో తడి కర్టెన్లు కట్టి ఫ్యాను వేస్తే చాలా రోజులు ఏసీ అవసరమే పడలేదు. మరీ మండిన రోజు ఆమె వద్దన్నా కుర్మయ్యే పట్టుబట్టాడు, పైన ఉన్న ఏసీని ఆ గదికి మార్పించాడు.

ఒక మధ్యాహ్నం సందులోకి కూరగాయల ఆటో వచ్చింది. మైకు గోల గోలగా మోగుతోంది. వరండాలోంచి కుర్మయ్య చెప్పులైనా వేసుకోకుండా కాలిపోతున్న రోడ్డు మీదికి పరుగెత్తాడు.

"అన్నా, జర మైకు బంద్ చెయ్యి! మూల తిరిగినంక పెట్టుకో. మా బిడ్డ రాత్రి డ్యూటీ చేసొచ్చి పండుకుంది."

గదిలో సంతోషికి అప్పటికే మెలకువ వచ్చింది. మామ గొంతు విన్నది. బయటివాళ్ల ముందు కోడలు అనలేదు, మా బిడ్డ అన్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా పక్కకు ఒత్తిగిలి, మళ్లీ హాయిగా నిద్రలోకి జారుకుంది.