వెయ్యిన్నూట పదహార్ల అలర్ట్

ఉప్పల్ రింగురోడ్డు బస్టాపు పక్కన, ఉదయం పదకొండు గంటల ఆరు నిమిషాలకు, జనార్ధనరావు కరెంటు స్తంభానికి ఆనుకుని చెరుకురసం గ్లాసు పట్టుకునే చనిపోయాడు.

గ్లాసు కింద పడలేదు. బండివాడు డబ్బులడిగాడు. భుజం తట్టాడు. అప్పుడు మనిషీ, గ్లాసూ కలిసి పడ్డారు.

ఎడమ మోచేతి పైన దోమ కుట్టినంత ఎర్రటి మచ్చ. రెండో చేతిలో ఫోను. ఫోనులో ఆఫీసులవాళ్లు వాడే టీమ్ చాట్ యాప్ తెరిచి ఉంది. ఛానెల్ పేరు 'వెన్నెల గార్డెన్స్ ఫంక్షన్ హాల్ - పేమెంట్ అలర్ట్స్'. చివరి అలర్ట్ పదకొండు గంటల రెండు నిమిషాలది.

'₹2,000 అందింది. చదివించిన వారు: జనార్ధనరావు.'

ఆయన ఆ రోజు ఏ పెళ్లికీ వెళ్లలేదు. ఎవరికీ ఏమీ చదివించలేదు.

మర్నాడు తొమ్మిదిన్నరకు, నాచారంలో మోటార్ వైండింగ్ షాపు పైగదిలో, కమలకుమారి ఆ ఫోనును బల్ల మీద పెట్టింది. ఆమె ప్రత్యేక శాఖ చీఫ్. గోదావరి వైపు మనిషి. గొంతు పెంచదు. ఎదురుగా కూర్చున్నవాడు ఏజెంట్ శశిధర్. నలభై ఏళ్లు. జనగామ దగ్గర పల్లెటూరి బడిలో చదువుకున్నాడు. అడిగితే మాట్లాడతాడు.

"ఈ పక్క వీధిలోనే 'తోరణం పే' అని ఒక పేమెంట్ కంపెనీ ఉంది," అంది కమలకుమారి. "పెళ్లికొచ్చినవాళ్లు క్యూఆర్ స్కాన్ చేసి చదివింపులు పంపుతారు. అలర్ట్ ఫంక్షన్ హాల్ స్టాఫ్ చాట్‌లో పడుతుంది. మైకతను చూసి చదువుతాడు. ఒక విదేశీ ముఠా అందులో దూరింది. ఫోన్లు మనం వింటాం, మెయిళ్లు చూస్తాం. చదివింపులు ఎవరు చూస్తారు శశిధర్?"

"మైకాయన."

"నవ్వించకండి. ఐదు వందలు పడితే ఆగమని. వెయ్యి పడితే సరుకు కదిలించమని. రెండు వేలు పడితే, ఆ పేరున్న మనిషిని చంపమని. నిన్న మన జనార్ధనరావు గారి చావును మైకులో చదివారు. జనం చప్పట్లు కొట్టారట."

కిందినుంచి మోటారు వైండింగ్ మిషను చప్పుడు వస్తోంది.

"ఇవాళ ఎవరు?"

"కామరాజు. డిఫెన్స్ ఇంజనీరు. ముఠాలో అందరి పేర్లూ తెలిసినవాడు. రేపు ఢిల్లీలో సాక్ష్యం. పన్నెండు నలభైకి చర్లపల్లిలో రైలెక్కుతాడు. హంతకుడు ప్లాట్‌ఫాం మీద ఉంటాడు. ఎవడో తెలియదు. ఆ హంతకుడికి రెండు వేల అలర్ట్ అందకూడదు."

"కంపెనీ లైన్ కోస్తే?"

"ఛానెల్ మూగబోతే చంపెయ్యమని వాళ్లకు ముందే ఆర్డర్. జనార్ధనరావు గారు పంపిన ఆఖరి మాట అదే." ఆమె ఒక ఫొటో ముందుకు తోసింది. "అలర్టులను చాట్‌కు కలిపింది ఈమె. కోడ్ అంకెలు పెట్టిందీ ఈమే. ప్రాణాలతో తెస్తే మంచిది. తేకపోయినా నేనడగను."

ఆకుపచ్చ పట్టుచీర. తల మీదికి నెట్టిన నల్ల కళ్లద్దాలు. సగంలో ఆగిన నవ్వు.

బిందుమాధవి.

శశిధర్ ఫొటోను ముట్టుకోలేదు. రెండేళ్ల కిందట ఇద్దరూ ఇదే శాఖలో ఏజెంట్లు. ఉప్పల్‌లోని అదే వెన్నెల గార్డెన్స్‌లో, పదకొండు ఇరవైకి వాళ్ల ముహూర్తం. అతను పీటల మీద కూర్చున్నాడు. ఆమె రాలేదు. వండిన వంట పారబోయలేక నాలుగు వందల మందికి వడ్డించారు. చదివింపులు వాపస్ ఇస్తానంటే ఒక్కరూ తీసుకోలేదు. మరునాడు తెలిసింది, ఆమె శత్రువుల వైపు వెళ్లిపోయిందని.

"మీకు కష్టమైతే వేరేవాళ్లను పంపుతాను."

"నేనే పోత మేడం."

అతను జనార్ధనరావు ఫోను తీసుకుని ఛానెల్‌ను వెనక్కి జరుపుతూ పోయాడు. పది నిమిషాలు చూశాడు. తర్వాత ఫోను బోర్లించాడు.

"ఎనిమిది నెలలది సూసిన. నూట పదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యిన్నూట పదహార్లు. గుండుసున్న మీద ఒక్కడు సదివించలే, ముఠా తప్ప."

"పరాయి దేశంవాళ్లు. వాళ్లకేం తెలుసు?"

"ఆమెకు తెలుసు."

ఒకసారి స్నేహితుడి పెళ్లికని శశిధర్ కవర్లో ఐదు వందల నోటు పెట్టాడు. బిందుమాధవి నడిబజారులో ఆపి, తన పర్సు మొత్తం గాలించి, పదహారు రూపాయల చిల్లర అందులో వేసి గాని కదలనివ్వలేదు. "సున్నాతో ముగించేది ఎక్కడైనా ఉందండీ?" అని దారంతా తిట్టింది.

"ఐదువందల పదహార్లు కోడ్ పెడితే ఎవ్వనికి దొరకకపోతుండె," అన్నాడు శశిధర్. "ఉత్త ఐదు వందలు పెట్టింది. మనోడెవడన్న సూడాలని పెట్టింది. ఆమె మన మనిషే మేడం. జనార్ధనరావు సారే పంపిండు."

"రుజువు?"

"సార్‌కు ఎరుక."

"ఆయన చనిపోయారు."

"గందుకే."

కమలకుమారి ఫొటోను తనవైపు లాక్కుంది. "పన్నెండు నలభై దాకా మీ మాట మీద నేనుంటాను. ఆ తర్వాత నా ఆర్డర్ మీద మీరుండాలి."

శాఖ డ్రైవర్ తిరుపతి నీళ్లబండి ట్రాలీ సిద్ధం చేశాడు. శశిధర్ మాసిన నీలం చొక్కా వేసుకున్నాడు. టోపీ, అంటించిన మీసం, భుజాన తుండు. ఇరవై లీటర్ల క్యాను. క్యాను అడుగున జామర్. అవసరపడితే ఆఫీసులో ఫోన్లన్నీ ఆపేస్తుంది.

"అన్నా, గీ క్యాన్ల నీళ్లు ఎవలకన్న తాపేవు," అన్నాడు తిరుపతి. "కడుపుల సిగ్నల్ పోతది."

పన్నెండు పదికి శశిధర్ తోరణం పే రెండో అంతస్తు ఎక్కాడు. స్తంభానికి వెన్నెల గార్డెన్స్ క్యూఆర్ పోస్టరు. గాజు గదిలో మేనేజర్ విజయభాస్కర్. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా. జేబులో ఒకే ఒక పెన్ను.

"ఏమయ్యా, రోజూ వచ్చేవాడేడి?"

"జెరమొచ్చింది సార్."

బిందుమాధవి ఖాళీ సీసాతో డిస్పెన్సర్ దగ్గరికి వచ్చింది. అదే ఆకుపచ్చ చీర. ఆమె అతని ముఖం చూడలేదు. చేతులు చూసింది.

"మీసం బాగా కుదిరింది," అంది నెమ్మదిగా. "కాని మూత ఎడంచేత్తోనే విప్పుతున్నారు. ఎన్నిసార్లు చెప్పానండీ ఆ అలవాటు దాచుకోమని?"

శశిధర్ మూత విప్పాడు.

"గుండుసున్నలు సూసిన."

"ఎనిమిది నెలలు పట్టిందా?"

"ఛానెల్ నాకు పొద్దుగాలనే దొరికింది."

ఆమె సీసా నింపుతోంది. "ఆ రోజు తెల్లారకముందే జనార్ధనరావు గారు వచ్చారు. అప్పటికే పెళ్లిచీర కట్టుకున్నాను. పీటల మీంచి పారిపోయిన ఆడదాన్నైతేనే ముఠా నమ్ముతుందన్నారు. మీకు చెప్పొద్దన్నారు."

"నాలుగు వందల మంది తిన్నరు. నేను తినలే."

"బూరెలు వేయించారా? నేను మరీ మరీ చెప్పాను."

"ఏయించిన."

సీసా నిండి పొంగింది. ఆమె తుడుచుకుంటూ, సంతకం చేసిన నీళ్ల రసీదు అతని చేతిలో పెట్టింది. "హంతకుడి పేరు ఛానెల్‌లో సప్లయర్ ముప్పై ఒకటి. మూడో ప్లాట్‌ఫాం. నీలం టోపీ. పన్నెండు ముప్పై ఎనిమిదికి బయటి దేశం నుంచి రెండు వేలు పడతాయి. దాన్ని మీ ఫోనుకు మళ్లిస్తాను. అతనికి ఐదు వందలే కనిపిస్తుంది. ఆగుతాడు. సరిగ్గా ఆ నిమిషానికే నొక్కాలి. ముందే నొక్కితే విజయభాస్కర్ తెర మీద తెలిసిపోతుంది."

"తర్వాత?"

"తర్వాత మెట్లు దిగి మీ బండెక్కుతాను. చోటుంటుందా?"

"ఖాళీ క్యాన్ల నడుమ."

"చాలు," అంది.

శశిధర్ క్యాను బిగిస్తున్నట్టు కూర్చుని ఆమె చెప్పిందంతా కమలకుమారికి పంపాడు. పన్నెండు ముప్పై మూడుకు అతని ఫోను వణికింది.

'బిందుమాధవి మిమ్మల్ని ఈ ఛానెల్‌లో చేర్చారు.'

ముప్పై నాలుగుకు విజయభాస్కర్ గాజు గది దాటి వచ్చాడు. ఆమె కుర్చీ వెనక వంగి తెర చూశాడు. "ఈ రిపోర్టు సాయంత్రానికి కావాలమ్మా," అంటూ పెన్నుతో ఆమె చేతిని మెల్లగా తట్టాడు. పెన్ను జేబులో పెట్టుకుని తన గదికి వెళ్లి, చేతి గడియారం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

బిందుమాధవి ఎడమ మోచేతి పైన రుద్దుకుంది. గోడ గడియారం చూసింది. తర్వాత శశిధర్ వైపు చూసి నవ్వింది. ఈసారి సగంలో ఆగలేదు.

ఆ నవ్వు బండిలో చోటు కోసం అనుకున్నాడు అతను.

ఆమె లేచింది. స్తంభం దాకా నడిచి, పోస్టరు మీది క్యూఆర్‌ను తన ఫోనుతో స్కాన్ చేసి ఏదో టైపు చేసింది. శశిధర్‌కు కోపం వచ్చింది. ప్రతి సెకనూ లెక్క ఉన్నప్పుడు ఈ పనేమిటి? ఆమె కుర్చీ పట్టుకుని నిదానంగా కూర్చుంది.

పన్నెండు ముప్పై ఎనిమిది. ఆమె వేలు ఎంటర్ మీద దిగింది.

అతని ఫోనుకు విడిగా ఒక మెసేజ్: '₹2,000. చదివించిన వారు: కామరాజు.'

వెంటనే హాల్ ఛానెల్‌లో: '₹500. చదివించిన వారు: కామరాజు.'

నలభైకి చర్లపల్లి నుంచి మెసేజ్. 'రైలు కదిలింది. కామరాజు క్షేమం. నీలం టోపీ దొరికాడు. చాయ్ కూడా పూర్తిగా తాగలేదు.'

"దా, పోదాం," అన్నాడు శశిధర్ ఆమె కుర్చీ పక్కన నిలబడి.

వేలు ఇంకా ఎంటర్ మీదే ఉంది. మోచేతి పైన దోమ కుట్టినంత మచ్చ. జనార్ధనరావుకు నాలుగు నిమిషాలు పట్టింది. ఈమెకూ అంతే పట్టింది. ఆ నాలుగు నిమిషాల్లో ఒక్కసారి పిలిచినా అతను పనంతా వదిలేసి పరుగెత్తుకొచ్చేవాడు. అది ఆమెకు తెలుసు. అందుకే పిలవలేదు.

విజయభాస్కర్ పెన్ను పట్టుకుని తలుపు తీశాడు. శశిధర్ డిస్పెన్సర్ మీది క్యాను ఎత్తి విసిరాడు. జామర్ పగిలింది. విజయభాస్కర్ పక్కటెముకలు రెండు విరిగాయి. శాఖ ఇచ్చిన పరికరం ఆ రోజు పనికొచ్చింది అంతవరకే.

కమలకుమారి వచ్చేసరికి అతను నేల మీద కూర్చుని ఉన్నాడు. మీసం సగం ఊడింది. ఫోనులో ఛానెల్ తెరిచి ఉంది. పన్నెండు ముప్పై ఏడు అలర్ట్ దగ్గర ఆగి ఉంది.

'₹1,116 అందింది. చదివించిన వారు: బిందుమాధవి. శశిధర్ గారి పెళ్లికి. ఆలస్యానికి మన్నించాలి.'

కమలకుమారి రెండుసార్లు చదివింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఫైల్లో ఆమె పేరు ఇవాళే మారుస్తాను. కాని ఇది ఎవిడెన్స్ శశిధర్. డబ్బు హాల్ ఖాతా నుంచి వెనక్కి తెప్పించాలి."

"ఎవిడెన్స్ గాదు మేడం. సదివింపు. వాపస్ తీసుకోరు."

ఆమె మళ్లీ అడగలేదు.

అప్పుడే ఛానెల్‌లో కొత్త మెసేజ్ పడింది. ఇది అలర్ట్ కాదు. వెన్నెల గార్డెన్స్ మైకతను, బుచ్చిరాములు.

'గీ వెయ్యిన్నూట పదహార్లు ఎవలకు? మన పెండ్లికొడుకు పవన్‌కుమార్ గదా. శశిధర్ ఎవలు?'

శశిధర్ ఎడంచేత్తో టైపు చేశాడు. 'నేనే.'

'నువ్వు పెండ్లికొడుకువై ఇంక రాకపోతివేందన్నా? మైకుల సదివేసిన. అందరు సప్పట్లు కొట్టిన్రు. ఆఖరి బంతి కూసుంటున్నది, జల్ది రా.'

కింద తిరుపతి ట్రాలీలో ఖాళీ క్యాన్లను రెండు పక్కలకు జరిపి, మధ్యలో గోనెసంచి పరిచి ఉంచాడు. శశిధర్ దాని మీద కూర్చోలేదు. ముందుకొచ్చి తిరుపతి పక్కన కూర్చున్నాడు.

"ఎటు అన్నా?"

"ఉప్పల్. పెండ్లికి."

"గీ యాళ్లనా? లేటైంది గదనే."

"జరంత," అన్నాడు శశిధర్. "రెండేండ్లు."