నాలుగో సీసా నీళ్లు

బ్యాంకు అమ్మాయి మూడు నెలలకోసారి గనికి వచ్చేది. కింది వాగులో ఒక సీసా నీళ్లు పట్టుకుని, మూతకి సీలు వేసి వెళ్లిపోయేది. అంతే పని. ఆ కాసేపటి కోసం గని ఇంజనీరు మూడు నెలలూ రోజులు లెక్కపెట్టేవాడంటే, మనవాడి వ్యవహారం ఎంతదాకా వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు.

సంగతేమిటంటే, వాగు పాడవకుండా ఖనిజం తవ్వే కంపెనీలకి ఆ బ్యాంకు తక్కువ వడ్డీకి గ్రీన్ లోన్ ఇస్తుంది. వరసగా నాలుగు సీసాలు పాసైతే లోన్ ఖాయం. ఆ తర్వాత తనిఖీ ఏడాదికోసారే. మూడు పాసయ్యాయి. నాలుగోది ఈవేళ.

పైన కొండల్లో రాత్రి కుండపోత. గని దగ్గర చినుకు లేదు. వాన నీళ్లు కలిస్తే వాగులో విషమంతా పలచబడిపోతుంది, పరీక్షకి దొరకదు. అందుకే వాన పడ్డాక రెండు రోజులదాకా నీళ్లు పట్టకూడదని రూలు. ఆ వాన సంగతి ఆమెకి తెలీదు. నోరు మెదపొద్దని గని మేనేజరు పొద్దున్నే ఇంజనీరుకి గట్టిగా చెప్పాడు.

ఆమె ప్యాంటు మడుచుకుని వాగులోకి దిగి, సీసా మూత తీసింది. మనవాడు ఉండబట్టలేకపోయాడు.

"ఈవేళ వద్దండి. ఎల్లుండి పట్టుకోండి."

ఎందుకని అడిగింది. కొండల్లో వాన పడిందన్నాడు. ఆమె తలెత్తి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పోయినసారి జీపు స్టార్ట్ కావడం లేదనీ, అంతకుముందు టీ వస్తోందనీ చెప్పి ఆపిన ఘనుడాయె, ఎలా నమ్ముతుంది?

"నిజం చెప్పండి. వాన పడిందా, నేను వెళ్లడం మీకిష్టం లేదా?"

"రెండూనండి," అన్నాడు.

ఆమె మారుమాట్లాడకుండా మూత బిగించి, గెస్ట్‌హౌస్‌లో గది తీసుకుంది. మేనేజరు మాత్రం చాలానే మాట్లాడాడు. ఇంజనీరు ఆ రెండు రోజులూ గెస్ట్‌హౌస్ వైపు తొంగిచూడలేదు. అంత మాట అనేశాక ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు? మూడోనాడు ఆమే సీసా నింపుకుని వెళ్లిపోయింది.

వారానికి ఆమె దగ్గర్నుంచి ఫోన్. సీసా బొటాబొటిగా పాసైందట. గనికి మంచిదే అనుకున్నాడు. తనకి మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

"అయితే మళ్లీ ఏడాదికే వస్తారన్నమాట."

"అప్పుడూ నేను రాను. మీ గని ఫైలు ఇంకొకళ్లకి ఇమ్మని ఆఫీసులో రాసిచ్చేశాను."

తన వల్ల ఏం తప్పు జరిగిందని అడిగాడు.

"తప్పేం లేదు. తనిఖీకి వచ్చేవాళ్లకి ఆ గనిలో సొంతవాళ్లు ఉండకూడదు. మా బ్యాంకు రూలు."

"మీకిక్కడ సొంతవాళ్లెవరున్నారండీ?"

"ఇంకా లేరు," అంది. "ఆదివారం మా అమ్మ మిమ్మల్ని చూస్తానంటోంది."